కాళ్లు దించిన ఇళ్లు

మండలి పెద్దలారా, భద్రావతి పాదాన్ని నలిపింది బండిల్లు అని మీరు తేల్చారు. ఆ పని బండిల్లుకు ఎవరు నేర్పారో మాత్రం తేల్చలేదు. ఇంటికి చక్రాలు పెట్టింది మీరు. ఎప్పుడు కదలాలి, ఎటు పోవాలి అన్న అధికారాన్ని అందులో వండుకు తినేవాళ్ల చేతిలోంచి లాక్కుని, ఎక్కడో చల్లటి గదిలో కూర్చోబెట్టిన గమనసూత్రి అనే యంత్రానికి అప్పగించింది మీరు. ఆగమంటే ఆగే పిడి ఒక్కటంటే ఒక్కటి ఆ ఇంట్లో బిగించనిదీ మీరే. తప్పు చక్రానిదో, ఇంట్లో ఉన్నవాళ్లదో అంటే నమ్మేవాళ్లు నమ్ముతారేమో. పందిళ్లవారిపాలెం నేతవాళ్లు నమ్మరు.

ఆ పొద్దున భద్రావతి కిటికీ రెక్క తోసేసరికి ఎదురుగా నల్లరాతి కొండ ఉంది. ఆమె పడుకునేటప్పుడు అక్కడ పొగాకు చేలున్నాయి. బండిళ్లలో ఉండే జనం ఇలాంటివాటికి ఆశ్చర్యపోవడం మానేసి చాలా ఏళ్లయింది. ఆమె కొత్తగా వచ్చిన మనిషి కాబట్టి కాసేపు కొండవైపు చూసింది. ఇది రాతినేల, గుంట తవ్వడం కష్టం అనుకుని, మొగుణ్ణి నిద్రలేపి గడ్డపార తియ్యమంది.

ఈ కాలంలో ఇల్లంటే నేలకు అంటుకుని ఉండేది కాదు. లారీ పెట్టెకు మించని గది అది. మంచం, పొయ్యి, బల్ల అన్నీ గోడలోంచి మడత విప్పుకుని బయటికొస్తాయి, పని కాగానే మళ్లీ గోడలోకి పోతాయి. పైకప్పు నిండా ఎండపలకలు. అవి పట్టిన కరెంటులో ఇంటివాళ్లు వాడుకోగా మిగిలింది తీగల్లోకి పోయి పట్నాలకు చేరుతుంది. అందుకని ఎండ ఎక్కడ బాగుంటే ఇళ్లు అక్కడికి పోతాయి, వాటంతటవే. లక్షల ఇళ్లు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా దారులు వేసేది గమనసూత్రి. ఇళ్లు వచ్చి దిగే మైదానాలను నిలుపుచోట్లు అంటారు. బడీ, ఆస్పత్రీ, చివరికి చౌకధరల దుకాణం కూడా చక్రాలమీదే వచ్చి చక్రాలమీదే పోతాయి. ఇవాళ పక్కింట్లో ఉన్న మనిషి రేపు కూడా పక్కనే ఉంటాడని ఎవరూ చెప్పలేరు. ఉప్పుకో చారు గిన్నెకో పక్కింటి తలుపు తట్టే అలవాటు ఎప్పుడు పోయిందో కూడా ఎవరికీ గుర్తులేదు.

ఈ బతుకుకు అందరికన్నా ఆఖరున ఒప్పుకున్నది పందిళ్లవారిపాలెం. చీరాలకు దిగువన, సముద్రం వాసన కొట్టేంత దగ్గరలో ఉన్న గుంటమగ్గాల ఊరు. నేలలో గుంట తీసి, దాని అంచున కూర్చుని, కాళ్లు కిందికి దించి, గుంటలో ఉన్న చెక్కలు మార్చి మార్చి తొక్కుతూ అక్కడ చీరలు నేస్తారు. వానాకాలం గుంటల్లో నీళ్లు ఊరడం ఆ ఊరికి పాత సంగతే. కొన్నేళ్లుగా మండువేసవిలో కూడా ఉప్పునీళ్లు ఊరుతున్నాయి. చెక్కలు కుళ్లాయి. మనుషుల కాలివేళ్ల సందులు కుళ్లాయి. సరిగ్గా ఆ సమయం చూసుకుని చర నివాస మండలి వచ్చింది. ఆర్నెల్లు ఉచితంగా బండిళ్లలో ఉండి రుచి చూడండి, నచ్చితే ఉంచుకోండి, నచ్చకపోతే మీ పాలెం మీకే అంది.

మగ్గం ఎక్కించుకోవచ్చా అని భద్రావతి అడిగింది. చైత్ర అనే నివాస సహాయకురాలు, నిండా పాతికేళ్లుండని పిల్ల, నిక్షేపంగా ఎక్కించుకోమంది. ఆ ఒక్క మాట మీద భద్రావతి చక్రాలెక్కింది. ఇల్లు ఇరుకా, విశాలమా అన్నది ఆమెకు పట్టింపు కాదు. మంచం పక్కనే పొయ్యి ఉన్నా, పొయ్యి పక్కనే స్నానాల గది ఉన్నా సర్దుకుంటుంది. పేకదారం పట్టుకుని నాడె అటూ ఇటూ ఆడాలి, అంతే. పెళ్లైన కొత్తలోనే పాలెంలో పెద్దంచు చీర ఒంటిచేత్తో దించిన మనిషి ఆమె. మగ్గం ఆగిన వానాకాలాల్లో ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేది కాదు. మొగుడు భావనారాయణ ఆ నెలల్లో కావాలని పొద్దస్తమానం బయటే తిరిగేవాడు.

మండలి మొదట వీళ్లకు ఎత్తు మగ్గాలిచ్చింది, గుంట అక్కర్లేనివి. కూర్చుంటే తల పైకప్పుకు తగిలేది. అది చాలదన్నట్టు పేకను బిగించే దెబ్బ వేసినప్పుడల్లా ఇల్లు అదిరేది. ఇంటికి బరువూ కదలికా కనిపెట్టే తూకపు నేల ఉంది. అదిరిన ప్రతిసారీ గోడలోంచి మెత్తటి గొంతు "కంపం నమోదైంది, తమరు క్షేమమేనా?" అని అడిగేది. క్షేమమేనని జవాబు చెప్పేదాకా వదిలేది కాదు. చీర ఒక జానెడు దిగేలోపు వందసార్లు క్షేమం చెప్పుకోవాల్సి వచ్చేది.

"మనత్త పోయాక నన్ను ఇన్నిసార్లు పలకరించినోళ్లే లేరక్కా" అంది తోడికోడలు కోటిరత్నం.

భావనారాయణ రెండు పనులు చేశాడు. ఒకటి, ఆ గొంతు వచ్చే చిల్లులో మైనం కూరాడు. రెండోది, రంపం తెచ్చి ఇంటి నేలకు చదరంగా కంత కోశాడు. ఇల్లు ఒకచోట దిగినప్పుడు మోకాళ్లు మడిచినట్టు కిందికి కుంగుతుంది, నేలకు జానెడు ఎత్తులో ఆగుతుంది. ఆ కంత కిందున్న మట్టిని తవ్వితే పాలెంలో ఉన్నట్టే గుంట. పాత మగ్గాన్ని కంతకు రెండువైపులా బిగించుకుంటే, పాత పద్ధతిలోనే కాళ్లు దించి నెయ్యొచ్చు. ఇల్లు మారిన ప్రతిచోటా కొత్తగా తవ్వుకోవాలి, అంతే. వారం తిరిగేసరికి పాలెం నుంచి వచ్చిన ఇరవై ఇళ్లకూ కంతలు పడ్డాయి. వృత్తివాళ్లను విడదీయొద్దని మండలి నియమం పెట్టింది కాబట్టి ఆ ఇరవై ఒకే వరసగా కదిలేవి, ఒకే వరసగా దిగేవి.

చైత్ర వచ్చి చూసింది. అడ్డుచెప్పలేదు సరికదా, మురిసిపోయింది. కంతలోంచి కాళ్లు దించి నేస్తున్న భద్రావతిని ఫొటో తీసింది. మండలి ఆఫీసు వసారాలో ఆ ఫొటోను గోడంత చేసి పెట్టారు. కింద నివాసుల సృజన అని పెద్ద అక్షరాలు. మంత్రులు వస్తే దాని ముందు నిలబెట్టి చూపించేవాళ్లు.

ఇంటికి కింది కన్ను అని ఒకటుంది. లేచేముందు తన కింద పిల్లో, కుక్కో, కోడిపిల్లో ఉందేమోనని చూసుకుంటుంది. ప్రాణం ఉన్నదేదైనా కనబడితే లేవదు. అందుకే కాళ్లు కిందున్నాయన్న భయం ఎవరికీ లేకపోయింది. వీళ్లది మగ్గం మీదే పడుగుకు గంజి రాసే ఊరు. పల్చటి గంజిలో కుంచె ముంచి దారాలమీద దువ్వుతారు. మిగిలింది చుక్కలు చుక్కలుగా కిందికి జారుతుంది. ఇంటి అడుగున ఆ చుక్కలు కంటిమీద పడి, దారిలో దుమ్ము దానిమీద పడి, ఎండకు పెంకు కట్టింది. ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. తరతరాలుగా గంజి నేలమీదే పడింది. నేలకు కన్నుంటుందని ఎవరికి తెలుసు?

ఆ రోజు రాతినేల కాబట్టి గుంట దిగడానికి పొద్దెక్కింది. భావనారాయణ చేతులు బొబ్బలెక్కి నీళ్ల బండి దగ్గరికి పోయాడు. ఇల్లు తెల్లారేముందే వచ్చి దిగింది, రోజుకు రెండుసార్లు కదలడమన్నది ఈ ఐదునెలల్లో లేదు. భద్రావతి నిశ్చింతగా కూర్చుని చెక్కలు తొక్కుతోంది. చీర కొంగు మొదలయ్యే చోటు. రంగు దారాలు మారాలి, చూపు తిప్పకూడదు.

కొండ మీదికి మబ్బు ఎక్కింది. మామూలు మబ్బు, వాన పడేది కూడా కాదు. ఎండపలకల మీద నీడ పడింది. గమనసూత్రికి ఆ నీడ నచ్చలేదు. కొండకు అవతల ఎండ ఉంది. ఇళ్లన్నిటికీ కదలమని చెప్పింది. మిగతా నిలుపుచోటులో గొంతులు పలికాయి, గంటలు మోగాయి. మబ్బు చూసి జనం విసుక్కుంటూ పిల్లల్ని లోపలికి పిలుచుకున్నారు. భద్రావతి ఇంటి గొంతులో మైనం ఉంది, మగ్గం చప్పుడులో బయటి గంటలు ఆమెకు వినబడలేదు.

నేల పైకి లేస్తుంటే ఆమె మొదట తల తిరుగుతోందనుకుంది. కుడికాలు లాక్కుంది. ఎడమ పాదం చెక్కకు కట్టిన తాళ్లలో ఇరుక్కుంది. ఇల్లు ముందుకు జరిగింది, చాలా నెమ్మదిగా, ఉయ్యాలలో పసిపిల్ల ఉన్నా నిద్ర చెదరనంత నెమ్మదిగా. ఆ నెమ్మదితోనే ఆమె పాదాన్ని గుంట అంచు రాతికీ, ఇంటి అడుగు దూలానికీ మధ్యకు తీసుకెళ్లింది.

ఆ కేకకు నీళ్ల బండి దగ్గరున్న భావనారాయణ బిందె పారేసి పరిగెత్తాడు. ఇంటి చుట్టూ తిరిగాడు. తలుపు పట్టుకుని గుంజాడు, చక్రాన్ని భుజంతో తోశాడు, గోడల్ని గుద్దాడు. ఆపడానికి పట్టుకోవలసింది ఏదో ఒకటి ఉంటుందని వెతికాడు. ఇల్లంతా నున్నగా ఉంది. కోటిరత్నం అలా వెతకలేదు. చీర దోపుకుని ఇంటి ముందుకు పోయి దారికి అడ్డంగా వెల్లకిలా పడుకుంది. దారి చూసే ముందు కన్నుకు గంజి లేదు. మనిషిని చూసి ఇల్లు ఆగింది. ఆగి, మర్యాదగా మోకాళ్లు మడిచి కుంగింది.

ఆస్పత్రి బండి కూడా ఆ మబ్బు చూసే కొండ దాటిపోయింది. దాన్ని వెతుక్కుంటూ పోయి చేరేసరికి పాదం చల్లబడిపోయింది. ముందు సగం తీసేశారు. స్పృహ వచ్చాక భద్రావతి డాక్టర్ని అడిగింది ఒక్కటే, మడమ మిగిలిందా అని. మిగిలిందన్నారు. మడమతో చెక్క తొక్కితే బరువు ఆనుతుందా అని మళ్లీ అడిగింది. ఆయన మంచి నిద్ర పట్టడానికి మాత్ర ఇచ్చాడు.

నెల తిరక్కముందే మండలి సంచాలకుడు స్వయంగా వచ్చాడు. మంచి మనిషే, గొంతు పెంచడు. ఇరవై ఇళ్ల మధ్య నీడలో కుర్చీ వేయించుకుని, జరిగిన దానికి చింతిస్తున్నామన్నాడు. విచారణ పూర్తయిందన్నాడు. నేలకు కంత కోయడం అనధికార మార్పు, గొంతు మూయడం ఇంకో అనధికార మార్పు, కన్నుకు గంజి పూయడం మూడోది. అయినా మండలి దయతో ఎవరిమీదా చర్య తీసుకోవడం లేదు. ఈ వారంలో కంతలన్నీ మూసేస్తారు. బదులుగా ప్రతి ఇంటికీ తొక్కనక్కర్లేని యంత్రమగ్గం ఇస్తారు, మీట నొక్కితే అదే నేస్తుంది, పక్కన కూర్చుని చూస్తే చాలు.

కర్ర ఆనించుకుని కూర్చున్న భద్రావతి ఆ మాట దగ్గర నోరు విప్పింది. "నా కాలు పోయిందని మగ్గానికే కాళ్లు తీసేత్తారా అయ్యా?"

సంచాలకుడు అది కాదమ్మా అని ఏదో చెప్పబోయాడు. ఆమె ఆగలేదు. తనకు చీరమీదే గానీ చూస్తూ కూర్చోవడంమీద మోజు లేదంది. కంత కోసింది తామే, మైనం పెట్టింది తామే, ఒప్పుకుంటామంది. ఆ రోజు తన మొగుడు ఇంటిచుట్టూ తిరిగి వెతికింది ఏమిటో అయ్యగారికి తెలుసా అని అడిగింది.

"ఎద్దుబండికి కూడా పగ్గం ఉండిద్దయ్యా. మా ఇంటికి ఏదీ?"

ఆయన దాటవేయలేదు, నిజమే చెప్పాడు. ఎవరికి వాళ్లు ఆపుకునే పిడి ఇస్తే లక్షల ఇళ్ల దారులు చిక్కుపడిపోతాయి. ఒక్కరు ఆగితే వెనక వందమంది ఆగుతారు. అందుకే మొదటి నమూనాలో ఉన్న పిడిని ఆలోచించే తీసేశారు. అప్పటిదాకా అది మండలి పెట్టడం మరిచిపోయిన వస్తువనుకున్నారు పాలెం జనం.

చైత్ర అంతసేపూ ఆయన కుర్చీ వెనకే నిలబడి ఉంది. అప్పుడు మెల్లగా, కంత అనధికారమైతే మన వసారాలో ఆ ఫొటో ఇంకా ఎందుకుంది సార్ అంది. సంచాలకుడు ఆమెవైపు తిరిగి చూశాడు. మర్నాటినుంచి చైత్ర ఆ ఉద్యోగంలో లేదు. ఫొటో కూడా లేదు.

కంతలు మూసే పనివాళ్లు గురువారం రావాలి. వాళ్లుండే వర్క్‌షాపు దగ్గరికి ఇళ్లను తోలుకుపోవడానికి బుధవారం పొద్దున గమనసూత్రి గంట కొట్టింది. భద్రావతి ఇంట్లో మైనం తీసేశారు కాబట్టి ఈసారి ఇరవై గొంతులూ ఒక్కసారే పలికాయి, కదలబోతున్నాం, కూర్చోండి అని. కోటిరత్నం తడిగుడ్డ తీసుకుని తన ఇంటి కంతలోంచి గుంటలోకి దిగింది. కింది కన్నుకు కట్టిన పెంకును ఊడగొట్టి, అద్దంలా తుడిచింది. మళ్లీ పైకెక్కి, కంత అంచున కూర్చుని రెండు కాళ్లూ కిందికి దించింది.

ఇల్లు లేవబోయింది. కాళ్లు కనిపించాయి. కుంగింది. కాసేపాగి మళ్లీ లేవబోయింది, మళ్లీ కుంగింది.

"గుంజీలు తియ్యవే తల్లీ, తియ్యి" అంది కోటిరత్నం. "మా అక్క కాలికి ఇన్ని తియ్యాల్సిందే నువ్వు."

అది విని పక్కింటివాళ్లు నవ్వారు. నవ్వుతూనే గుడ్డలు తడుపుకున్నారు. కాసేపటికి ఇరవై ఇళ్ల కింద నలభై కాళ్లు. పట్టీల కాళ్లు, పగుళ్ల కాళ్లు, పాలెం ఉప్పునీళ్లకు వేళ్లు పాచిన కాళ్లు. భద్రావతి కుడికాలు దించింది, కట్టు విప్పని ఎడమ మడమను కూడా పక్కనే దించింది. ఇరవై ఇళ్లూ ఆ మైదానంలో మధ్యాహ్నందాకా లేస్తూ కుంగుతూ ఉన్నాయి. తరవాత లేవడం మానేశాయి. వంతులు వేసుకుని జనం కూర్చున్నారు. ఒకరు లేస్తే ఇంకొకరి కాళ్లు దిగేవి. కూర్చున్నవాళ్లు ఊరికే కూర్చోలేదు, నేశారు.

మండలి నీళ్లు ఆపింది. గమనసూత్రి చుట్టుపక్కల ఇళ్లన్నిటినీ వేరే దారుల్లో పంపి, వీళ్లను ఒంటరి చేసింది. ఇదంతా మండలి లెక్కలో ఉన్నదే. లెక్కలో లేనిది తరవాత జరిగింది.

ఈ సంగతి చెవినబడి, నేతతో ఏ సంబంధమూ లేనివాళ్లు ఇంటి నేలకు కంతలు కోసుకున్నారు. మార్టూరు నిలుపుచోటులో ఒక పంతులమ్మ కోసుకుంది. ఎందుకమ్మా అంటే, పక్కింటామెతో మొదలుపెట్టిన కబురు సగంలో ఉంది, ఆ సగం వినాలి అంది. అద్దంకి మెరకమీద ఒక ముసలాయన కాళ్లు దించాడు. ఆయన నాటిన సొర తీగ అప్పుడే ఇంటి గోడ పట్టుకుంది. ఒక పడుచుజంట దించారు, కారణం చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కరెంటు సంస్థ పెద్దలకు పట్నాల్లో దీపాలు మసకబారాకగానీ విషయం అర్థం కాలేదు. ఎండ వెంట ఎంత పరిగెత్తాలో, నీళ్లకు ఎంత దూరం పోవాలో గమనసూత్రికి నేర్పారు. మనిషికి ఒక్కోసారి నీడపడ్డ చోటే, ఉన్న చోటే, ఉండాలనిపిస్తుందని దానికి ఎవరూ నేర్పలేదు. నేర్పినవాళ్లకే తెలియదు.

నీళ్లు ఆగిన రెండో రోజునుంచి ఆ ఆగిన ఇళ్లవాళ్లే బిందెలతో నీళ్లు మోసుకొచ్చారు. మోసుకొచ్చినవాళ్లలో చైత్ర కూడా ఉంది. ఆ పిల్ల బిందె దించి, భద్రావతి ఎదురుగా నిలబడి, చీరవైపు చూసింది. ఎడమవైపు చెక్క సరిగ్గా దిగక అక్కడక్కడ పేక వదులైంది. నేత వంకరగా వస్తోంది కదా ఆంటీ అంది.

"వచ్చిద్దమ్మా. మడమకి ఇంకా తెలవదు. నేర్చుకుంటది" అంది భద్రావతి, తల ఎత్తకుండా.

సంచాలకుడు మళ్లీ వచ్చాడు. ఈసారి కుర్చీ అడగలేదు. ముందు కాళ్లు పైకి తియ్యండి, తరవాత కమిటీ వేసి మాట్లాడుకుందాం అన్నాడు. భద్రావతి నాడె ఆపి, పాలెం మాట ఇదీ అని చెప్పింది. ఆమె చెప్పింది ఆయన రాసుకోలేదు. అందుకే ఇక్కడ రాయాల్సి వచ్చింది.

కమిటీ వద్దు. ప్రతి బండిల్లులో, పడుకున్న మనిషి చెయ్యి చాపితే అందేచోట, ఆపే పిడి బిగించండి. అది లాగితే ఇల్లు ఆగాలి, ఎందుకని అడగకూడదు. కంతలు ముయ్యడానికి పనివాళ్లను పంపకండి. తెంచిన నీళ్లు ఇవాళే ఇవ్వండి. ఉద్యోగం తీసేసిన పిల్లను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టండి. ముందు ఈ పనులు చెయ్యండి. కాళ్లు పైకి తీసే సంగతి ఆ తరవాత మాట్లాడదాం.